బిడ్డ బదులు చెప్పిన మాట

నా కొడుకు నా ముఖం చూసి మాట్లాడి పదకొండు రోజులయింది. తప్పు వాడిది కాదు. వాడికి కొడుకు పుట్టాడు. ఈ ఆదివారం బాప్తిస్మం. నన్ను బిడ్డ తరఫున మాట ఇచ్చే జ్ఞానతండ్రిగా నిలబడమని అడిగాడు. నిలబడనన్నాను. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పులన్నాను. అంతకు రెండు రోజుల ముందే ఆరాధనలో నేను అందరితోపాటు నిలబడి, ఐదు చరణాల పాట చివరిదాకా పాడడం వాడు చూశాడు. వాడికి అర్థం కాలేదు. నాకైనా పూర్తిగా అర్థమైందని చెప్పలేను. అందుకే నోటితో చెప్పకుండా రాస్తున్నాను.

మా చర్చి కంటోన్మెంటులో ఉంది. ఇంట్లో మేం గుడి అనే అనేవాళ్ళం. దాన్ని కట్టింది సోల్జర్ల కోసం. ఆదివారం పొద్దున గుడి దొరలది. బ్యాండు ముందు నడుస్తుంటే పటాలం బూట్ల చప్పుడుతో వచ్చేది. మధ్యాహ్నం మూడింటికి గుడి మాది. మాదంటే నంద్యాల, కర్నూలు దిక్కు మిషను పల్లెల నుంచి పని వెతుక్కుంటూ బెంగుళూరు చేరిన ముప్ఫై నలభై తెలుగు కుటుంబాలది. మేం లోపలికి వెళ్ళేసరికి పొద్దుటి వాసనలు ఇంకా పోయేవి కావు. బూటు పాలిషు, ముఖాలకు రాసుకునే పౌడరు, ఆర్పిన మైనపు వత్తులు, తడిసి ఆరిన కొబ్బరినార పట్టాలు. దొరల పెద్ద ఆర్గనుకు తాళం వేసి ఉండేది. మాకు హార్మోనియం. ముందు బల్లల మీద కూర్చోవద్దని మాకెవరూ చెప్పలేదు. అయినా ఎవరూ కూర్చునేవారు కాదు. మా అవ్వ మాత్రం నాలుగో వరసలో, రాతి స్తంభానికి ఆనుకుని కూర్చునేది. ప్రసంగం మొదలైన కాసేపటికి ఆమె తల స్తంభానికి తగిలిన చప్పుడు నాకు వినబడేది.

గోడలనిండా చనిపోయిన దొరల పేర్లు చెక్కిన ఇత్తడి పలకలు. ఒకడు కలరాతో పోయాడు, ఒకడు గుర్రం మీద నుంచి పడి పోయాడు, ఒకామె ఇద్దరు బిడ్డలతో పోయింది. ఇంగ్లీషు చదవడం నేను బడిలో కంటే ఆ పలకల మీదే ఎక్కువ నేర్చుకున్నాను. పటాలం కూర్చునే బల్లల వీపులకు పొడుగ్గా గాడులు ఉండేవి. అవి తుపాకులు నిలబెట్టడానికి. ఎప్పుడో ఉత్తరాన సిపాయిలు తిరగబడిన రోజు ఆదివారమేననీ, తెల్లవాళ్ళు వట్టి చేతులతో ప్రార్థనలో ఉండగా దొరికిపోయారనీ, అప్పటినుంచీ గుడికి కూడా తుపాకీతో రమ్మని హుకుం వచ్చిందనీ గంటతాత చెప్పేవాడు. గంటతాత అంటే గుడి గంట కొట్టే ముసలాయన. ఆయన చెప్పింది ఎంత నిజమో నాకు తెలియదు. ప్రసంగం జరుగుతుంటే మేం పిల్లలం శనక్కాయలు తిని తొక్కలు ఆ గాడుల్లో కుక్కేవాళ్ళం. మరుసటి ఆదివారం సోల్జర్లు తుపాకులు నిలబెట్టగానే గుడంతా కరకరమందట. గంటతాత మమ్మల్ని వరసగా నిలబెట్టి, పుల్లలిచ్చి, ఒక్కొక్క గాడీ గోకించాడు.

నాకు పదమూడేళ్ళప్పుడు బిషప్పు వచ్చి మా తలల మీద చెయ్యి ఉంచాడు. కన్ఫర్మేషన్ అంటారు. చిన్నప్పుడు మన తరఫున ఎవరో చేసిన వాగ్దానాలను మనమే మన నోటితో ఒప్పుకోవడం. ఆ రోజుకు నాన్న నాకు పొడుగు ప్యాంటు కుట్టించాడు. మరుసటి నెలలో ఒక ఆదివారం, మూడింటి ఆరాధన అయ్యాక, ఒక బిడ్డకు బాప్తిస్మం.

ఆ బిడ్డ తల్లి గుడి వెనక గదిలో ఉండేది. పాటగాళ్ళు వేసుకునే తెల్లటి వదులు అంగీలను ఉతికి గంజిపెట్టడం ఆమె పని. భర్త పటాలం లారీ డ్రైవరుగా బర్మా వైపు వెళ్ళాడు. బిడ్డ పుట్టాడన్న కబురు ఆయనకు అందిందో లేదో ఎవరికీ తెలియదు. మా పద్ధతిలో మగబిడ్డకు ఇద్దరు జ్ఞానతండ్రులు, ఒక జ్ఞానతల్లి కావాలి. జ్ఞానతల్లిగా ఒక దొరగారింటి ఆయా వచ్చింది. ఒక జ్ఞానతండ్రి గంటతాత. రెండోవాడు, బిడ్డ తండ్రికి స్నేహితుడు, ఆ ముందురోజు సాయంత్రమే రైలెక్కి వెళ్ళిపోయాడు, వాడి పటాలానికి పిలుపొచ్చి. బిడ్డకు ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇంకో వారం ఆగడానికి తల్లి ఒప్పుకోవడం లేదు.

అయ్యగారు బల్లల వైపు చూశారు. అయ్యగారంటే మా తెలుగు పాదిరిగారు. మగవాళ్ళు చాలామంది అప్పటికే బయటికి వెళ్ళిపోయారు. ఆయన చూపు నా పొడుగు ప్యాంటు మీద ఆగింది.

"నువ్వు కన్ఫర్మేషన్ అయినోడివి కదప్పా. రా, నిలబడు."

వెళ్ళి బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి పక్కన నిలబడ్డాను. నాకప్పుడు గర్వంగా ఉంది. అయ్యగారు పుస్తకం చూసి ప్రశ్నలు అడిగారు. సైతానును వదిలేస్తావా, ఇది నమ్ముతావా, ఈ విశ్వాసంలో బాప్తిస్మం పొందాలని నీకు ఉందా. ఆయన అడుగుతున్నది బిడ్డను. చూస్తున్నది మమ్మల్ని. జవాబు చెప్పేటప్పుడు 'వీడు నమ్ముతాడు' అనకూడదు. 'నేను నమ్ముతున్నాను' అనాలి. బిడ్డకు మాట రాదు గనక, ఆ కాసేపు మా నోరే బిడ్డ నోరు. బాప్తిస్మం కావాలని ఉంది అన్నాను. నాకెప్పుడో అయిపోయింది. మరి ఎవరికి కావాలని ఉంది? ఆ రోజంతా ఆ సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

సాయంత్రం అవ్వ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తోంది. యుద్ధం రోజులు, చక్కెర చీటీ మీదే దొరికేది, అందుకని బెల్లంతో. పెనం మీద నెయ్యి కాలే వాసన వస్తుంటే పక్కన కూర్చుని, నిలబడడం సంగతి చెప్పాను. అవ్వ ఓళిగ తిరగేస్తూ, నవ్వకుండా అంది:

"ఇంకమింద వాడు చేసే పాపమంతా నీ నెత్తిననే పడతాది అబ్బోడా. బిషప్పు చెయ్యి వాని తలమింద పడేదాకా."

"ఆరునెలల బిడ్డ ఏం పాపం చేస్తాడవ్వా?"

"తల్లి రొమ్ము కొరికేది పాపం కాదా?"

అవ్వ ఆటపట్టించిందో, నిజంగా నమ్మిందో ఇప్పటికీ తెలియదు. మావాళ్ళలో ఆ మాట చాలామంది అనేవారు. అయ్యగారిని అడిగి ఉంటే అలాంటిదేమీ లేదనేవారేమో. నేను అడగలేదు. ప్రతిరాత్రి ప్రార్థనలో ముందు నా పాపాలు, తర్వాత వాడి పాపాలు చెప్పుకునేవాణ్ణి. వాడివేమిటో తెలియక, ఏవేవో ఊహించి చెప్పేవాణ్ణి.

బిడ్డ బతికాడు. నడిచాడు. తల్లి అంగీలను తీగల మీద ఆరవేస్తే, వాటి కింద దాగుడుమూతలాడేవాడు. వాడి దగ్గర ఎప్పుడూ గంజి వాసన, ఇస్త్రీపెట్టె బొగ్గుల వాసన. నేను బడినుంచి వచ్చేటప్పుడు ఆ దారినే వచ్చేవాణ్ణి. క్రిస్మసుకు అవ్వ నూనెలో కాల్చిన గులాబి గుత్తులు తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. వాడు వాటిని తినకముందు వేలికి తొడుక్కుని చూసుకునేవాడు. పరలోక ప్రార్థన వాడికి నేనే నేర్పాను. 'మా అనుదినాహారము' దగ్గరికి వచ్చేసరికి వాడు ఆగి, "సంగటి కూడానా?" అని అడిగేవాడు. కూడా అనేవాణ్ణి. అప్పుడు ముందుకు సాగేవాడు.

తల్లి వాడికి నన్ను జ్ఞాననాయన అని పిలవమని చెప్పింది. వాడికి మొదటి సగం నోరు తిరగలేదు. నాయన అనేవాడు. నేను ఎక్కడ కనబడినా, ఎంత దూరం నుంచైనా సరే, నాయనా అని అరుస్తూ వచ్చేవాడు.

మొదట్లో ముద్దుగానే ఉండింది. నాకు పదహారు, పదిహేడు వచ్చేసరికి అది మారింది. మా గుడి కుర్రాళ్ళు కాంపౌండు గోడ మీద కూర్చుని ఉండేవారు. నన్ను చూడగానే ఒకడు, "ఏం నాయనా, బిడ్డ సుకమా?" అనేవాడు. ఇంకొకడు, "లారీ డ్రైవరు బర్మాలో ఉండాడు, నాయన ఈడనే ఉండాడు" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వులో ఉన్నది నాకు అర్థమయింది. ఆ తల్లికీ అర్థమై ఉంటుంది, ఎందుకంటే ఆమె నాతో మాట్లాడడం తగ్గించింది. నేను దారి మార్చుకున్నాను.

ఒకసారి వాడు గుడిలో బల్లలెక్కి, గాడుల్లో గులకరాళ్ళు వేస్తూ దొరికాడు. ఒకప్పుడు నేను చేసిన పనే. నేను వాణ్ణి బయటికి ఈడ్చుకొచ్చి రెండు దెబ్బలు వేశాను. వాడి మేలు కోసం కొట్టాననుకున్నాను. వాడి పాపం నా మీదికి రాకుండా కొట్టానేమో. గోడ మీద వాళ్ళు చూస్తున్నారని కొట్టానేమో. మూడింటిలో ఏది ముందుందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. వాడు ఏడవలేదు. "ఇంగ వెయ్యనులే నాయనా" అన్నాడు.

యుద్ధం అయిపోయింది. లారీ డ్రైవరు రాలేదు. పోయాడన్న కాగితమూ రాలేదు. తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది. పటాలం వెళ్ళిపోయింది. పొద్దుటి గుడిలో బూట్ల చప్పుడు లేదు. గంటతాత చెయ్యి పడిపోయి మంచాన పడ్డాడు. ఆయా తన దొరగారి కుటుంబంతో ఊటీ వెళ్ళింది. ఆ రోజుల్లోనే మా సంఘాన్ని వేరే మిషన్ల సంఘాలతో కలిపారు. ఇంగ్లండు సంఘం అన్న పేరు పోయి కొత్త పేరు వచ్చింది. పుస్తకంలో ఏ ప్రార్థన ఉంటుందో ఏది పోతుందో పెద్దవాళ్ళకే తెలియక, ఆరాధనలో సగంమంది మోకరిస్తే సగంమంది నిలబడేవారు. మా అవ్వ మాత్రం రెండూ మానేసి కూర్చునేది. ముందు బల్లలు ఖాళీగా ఉన్నా, మేం అప్పటికీ వెనకే కూర్చునేవాళ్ళం.

ఆ ఏడాది వానల్లో ఆ తల్లికి టైఫాయిడ్ వచ్చి, మూడు వారాలు పడి, పోయింది. వాడికి ఇంకా ఐదు నిండలేదు.

నాలుగు రోజులు వాడు మా ఇంట్లో ఉన్నాడు. అవ్వ పక్కన పడుకున్నాడు. ఐదో రోజు ఆదివారం. ఆరాధన తర్వాత అయ్యగారు మమ్మల్ని గుడి పక్క గదిలోకి పిలిచారు. నాన్న, అవ్వ, నేను. హోసూరు దారిలో అత్తిబెలె దాటాక మిషను హోం ఒకటి ఉందనీ, తల్లిదండ్రులు లేని మగపిల్లలను తీసుకుంటారనీ, చోటుందని ఉత్తరం వచ్చిందనీ చెప్పారు. ఇక్కడే ఉంచుకునేవాళ్ళుంటే పంపనక్కర్లేదన్నారు. నాన్న నేల చూస్తూ నిలబడ్డాడు. నాన్నకు వద్దని లేదు, కావాలని కూడా అనలేడు. నిర్ణయం తన చేతిలోంచి ఎవరైనా తీసుకుంటే బాగుండునన్న మనిషి ఆయన. అవ్వ అంది:

"నా పక్కన పడుకుంటాడులే అయ్యగారూ. పిడికెడు సంగటి. అంతే కదా."

అయ్యగారు నా వైపు తిరిగారు. అది మా పద్ధతి. ఆయా లేదు, గంటతాత మంచంలో ఉన్నాడు. బిడ్డ తరఫున మాట్లాడాల్సిన జ్ఞానతండ్రిని నేనే.

"నువ్వు చెప్పప్పా. నీ మాటను బట్టే చేస్తాను. బిడ్డ ఏమంటాడు?"

వాడు బయట మెట్ల మీద ఉన్నాడు. తలుపు తీసి ఉంది. పిలిస్తే పలికే దూరం. పిలిచి అడగాలని ఎవరికీ తోచలేదు. తొట్టి దగ్గర వాడి బదులు మాట్లాడిన నోరు అక్కడే ఉంది కదా. నాకు గోడ మీది కుర్రాళ్ళు కనబడ్డారు. ఇంకో పదేళ్ళు, పొద్దునా సాయంత్రం, ఇంటి గుమ్మంలో నాయనా అన్న పిలుపు వినబడింది.

"పోతానన్నాడు" అన్నాను. "ఆడ పిల్లలుంటారు, నేను పోతాను అన్నాడు. నాతో చెప్పినాడు."

వాడు నాతో అలాంటిదేమీ చెప్పలేదు.

అవ్వ నా ముఖం వైపు చాలాసేపు చూసింది. అబద్ధమని పట్టుకుందో, బిడ్డ తనను వద్దన్నాడని బాధపడిందో తెలియదు. "వాడే అన్నాడా?" అని ఒక్కసారి అడిగింది. అన్నాడన్నాను. కొంగుతో ముక్కు తుడుచుకుంది. అయ్యగారు ఉత్తరం రాశారు.

బుధవారం పొద్దున హోసూరు బస్సు. హోం నుంచి వచ్చిన ఒక పెద్దాయన వాణ్ణి తీసుకెళ్ళడానికి నిలబడి ఉన్నాడు. వాడి రేకుపెట్టె నేనే మోశాను. అందులో రెండు చొక్కాలు, అవ్వ నూరి కట్టిన ఊరిబిండి పచ్చడి పొట్లం. దారిలో వాడు లారీలు లెక్కపెడుతూ వచ్చాడు. బస్సు దగ్గర నా చెయ్యి వదలకుండా అడిగాడు:

"నేను యాడికి పోతాండాను నాయనా?"

"హోముకు. నువ్వే పోతానన్నావు కదా."

వాడు ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, కళ్ళు చిన్నవి చేసి, మరిచిపోయిన ప్రార్థన వాక్యాన్ని గుర్తు చేసుకునేటప్పటిలాగే.

"అన్నానా?"

"అన్నావు."

"అయితే సరే" అన్నాడు, చెయ్యి వదిలేశాడు.

అప్పుడు వాన పడుతోందా? ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా తడిసిన బస్సు కనబడుతుంది. కానీ వాడు కిటికీలోంచి ముఖం బయటపెట్టి ఎండకు కళ్ళు చికిలించడం కూడా కనబడుతుంది. రెండూ ఒకేసారి అయ్యుండవు.

అవ్వ ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. వాడి సంగతి నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. పండక్కి ఓళిగలు చేసినప్పుడు ఒకటి పక్కన తీసి పెట్టేది. ఎవరికని అడిగితే, ఊరికే అనేది.

ఉద్యోగం వచ్చాక, అవ్వ పోయాక, ఒక శనివారం సెలవు పెట్టి హోసూరు బస్సెక్కాను. బొమ్మసంద్ర అప్పుడు ఒట్టి పల్లె, రాగి చేలు. అత్తిబెలెలో సుంకం వసూలు చేసే గేటు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. హోంలో పెద్దాయన మారిపోయాడు. కొత్తాయన రిజిస్టరు తిప్పి, ఆ పేరుగల పిల్లవాణ్ణి ఏడాది కిందట ఆనేకల్ దగ్గర బిడ్డలు లేని నేతపనివాళ్ళు ఎవరో తీసుకెళ్ళి పెంచుకుంటున్నారని చెప్పాడు. ఊరిపేరు సరిగ్గా రాసి లేదు. వెనక్కి వస్తుంటే బావి దగ్గర నీళ్ళు తోడుతున్న ఒక పెద్ద పిల్లవాడు నా వెంట వచ్చాడు. వాడికి పన్నెండేళ్ళుంటాయి.

"మీరేనా వాని నాయన?" అని అడిగాడు.

జ్ఞానతండ్రినన్నాను. ఇద్దరూ ఒకే చాప మీద పడుకునేవాళ్ళట.

"కొత్తగా వచ్చిన పిల్లోళ్ళు రాత్రి ఏడుస్తారు కదన్నా. వాడు ఏడ్చేటోడు కాదు. మేం అడిగితే, నేనే వస్తానన్నాను, మా నాయన చెప్పినాడు, అనేటోడు. అనేసి అట్ల తిరిగి పడుకునేటోడు."

తిరుగు బస్సులో వచ్చి అత్తిబెలెలో దిగాను. ఆనేకల్ వెళ్ళే బస్సు ఒకటి, బెంగుళూరు వెళ్ళే బస్సు ఒకటి, రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఆనేకల్ ఎంతో దూరం కాదు. నేతపనివాళ్ళ వీధులు ఒక పూటలో తిరిగేయవచ్చు. దొరికితే వాడితో ఏం చెప్పాలి? నువ్వు అనలేదురా, నేనే అన్నాను అని చెబితే, ఇన్నాళ్ళూ వాడు ఏ మాటను పట్టుకుని ఏడవకుండా పడుకున్నాడో ఆ మాటను కూడా లాగేసుకున్నట్టు కాదా? అలా అనుకున్నాను. అది వాడి కోసం అనుకున్నానా, నా కోసమా అంటే, నేను బెంగుళూరు బస్సెక్కాను. జవాబు అందులోనే ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ వెళ్ళలేదు. పెళ్ళి, పిల్లలు, ట్రాన్స్‌ఫర్లు అని సాకులు చెప్పుకోవచ్చు. ఆనేకల్ అన్నాళ్ళూ అక్కడే ఉంది.

వాడి తలమీద ఏ బిషప్పైనా చెయ్యి ఉంచాడో లేదో తెలియదు. ఉంచకపోతే, అవ్వ మాట ప్రకారం, వాడి పాపాలు ఇప్పటికీ నావే. ఆ మాటను నేను నమ్మడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. అయినా రాత్రి ప్రార్థనలో నావి అయిపోయాక కాసేపు ఆగుతాను. చెప్పడానికి ఏమీ తోచదు. వాడు ఏ పాపం చేశాడో ఎప్పుడూ తెలియలేదు. తెలిసింది నేను వాడికి చేసిందే.

ఆదివారం బాప్తిస్మం ఆ రాతి తొట్టి దగ్గరే. ముందు బల్లల మీద ఇప్పుడు మావాళ్ళే కూర్చుంటారు. ఆ గాడులు ఎందుకున్నాయో పిల్లలకు తెలియదు, గొడుగులు పెట్టుకుంటారు. ఎవరు నిలబడాలో నా కొడుకు ఇంకా తేల్చలేదట. కోడలు చెప్పింది.

ఈ కాగితాలు రాత్రికి వాడి బల్ల మీద పెడతాను. చదివాక కూడా నన్నే నిలబడమంటాడో, ఇంకొకరిని పిలుచుకుంటాడో, వాడి ఇష్టం. ఈసారి వాడి బదులు నేను చెప్పను. ఒక్క సంగతి మాత్రం నా నోటితోనే చెప్పాలి.

నా మోకాళ్ళకు నొప్పేమీ లేదు.